రంగు పోతే నన్నడగండి

ఉద్యోగం ఇవ్వకముందే పని చేయించుకోవడానికి ‘టెస్ట్’ అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, అతని తెలివికి దండం పెట్టాలి. డిగ్రీ అయిన కొత్తలో విజయనగరంలో కూర్చుని నేను రాసినన్ని టెస్టులు ఇంకెవరూ రాసి ఉండరు. ‘కాంట్రాక్టు మీద రాసేవాళ్లు కావలెను’ అని ఫోన్‌లో కనిపిస్తే చాలు, రాసి పంపేయడమే. బాగుందనేవారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తేవారు కాదు. (మెచ్చుకోవడంలో మాత్రం ఎవరూ లోటు చేయలేదు.) చివరికి నాన్న తేల్చేశారు. “ఇదొక్కటీ సూస్తాను. రాకపోతే చీపురుపల్లిలో మీ మావయ్య ఎరువుల కొట్లో కూకుని బిల్లులు రాసుకో.” ఆ వాసన తలుచుకుంటేనే నాకు తుమ్ములొచ్చేవి.

ఆ ఒక్కటీ ఒక ప్రకటనల కంపెనీది. బట్టల కొట్టు కోసం, ఆటో మైకులో చదవడానికి నాలుగు మాటలు రాయమన్నారు. ఎంత బుర్ర గోక్కున్నా ఏమీ తోచలేదు. పెరట్లో అమ్మ పక్కింటావిడకి తన చీర గొప్పలు చెబుతోంది. “కట్టి సూడు, ఉతికి సూడు, రంగు పోతే నన్నడుగు!” అంతే, దాన్నే కాస్త సాగదీసి పంపేశాను. ‘మా అవసరానికి సరిపోలేదు’ అని జవాబొచ్చింది. నాన్న మావయ్యకి ఫోన్ చేసేశారు. నేను బట్టలు సర్దుకుంటూ ఏడ్చాను.

సర్దడం పూర్తికాకముందే వీధిలోకి మైకు ఆటో వచ్చింది. “కట్టి చూడండమ్మా! ఉతికి చూడండమ్మా! రంగు పోతే నన్నడగండమ్మా!” నేను తేరుకునేలోపే అమ్మ పిండి చేతులతో ఆటోకి అడ్డంగా నిలబడింది.

“ఒరే, ఆపు! నా మాటలు నీకెవులిచ్చారురా?”

“నాకేటి తెల్సమ్మా, కొట్లో ఇచ్చారు, తిప్పుతన్నాను.”

“ఒసే, నా మాటలు నాకే అమ్ముతన్నారేటే! ఎక్కు!” అని నన్ను ఆ ఆటోలోకే తోసి తనూ ఎక్కింది. మైకు ఆపాలని డ్రైవరుకి తోచలేదు. మా మాటలు మేమే వింటూ, వీధి వీధంతా చూస్తుండగా కొట్టుదాకా ఊరేగాం. సిగ్గుతో చున్నీ మొహానికి కప్పుకున్నాను గానీ, లోపల ఒకటే సంబరం.

కొట్టు యజమాని, కంపెనీకి డబ్బిచ్చే కొన్నానని మొత్తుకున్నాడు. నేను పంపిన మెసేజ్ ఫోన్‌లో చూపిస్తే నవ్వేశాడు. “ఇకమీదట నువ్వే రాయమ్మా, మద్దిన ఆళ్లెందుకు?” అని అమ్మకొక చీర కూడా పెట్టాడు. ఎరువుల కొట్టు తప్పింది.

ఆ చీర మొదటి ఉతుకులోనే బకెట్టంతా ఎర్రగా చేసింది. అమ్మ దాన్ని తడితడిగానే నా ముందుకు పట్టుకొచ్చింది. “రంగు పోతే అడగమన్నావు కదే. అడగతన్నాను, సెప్పు!” ఆ మాట నీదేనమ్మా అంటే వింటేనా!

ఇప్పుడెవరైనా టెస్ట్ రాయమంటే ముందు పైకం సంగతి మాట్లాడతాను. ఆ వెలిసిన చీరే కట్టుకుని అమ్మ పక్కన చేరి, “గట్టిగా అడగవే” అంటుంది. అడుగుతూనే ఉంటాను గానీ, ఆటోలో మొహం దాచుకున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ చున్నీ తియ్యవే పిచ్చిదానా, ఊరంతా నీ మాటే వింటోంది, అని చెప్పాలనిపిస్తుంది.