ఒక్క మెట్టు నొక్కితే వంద డప్పులు

కోరుట్లలో మా ఇంటి వెనక గదికి స్టూడియో అని పేరు పెట్టింది నేను, పడీపడీ నవ్వింది మా అమ్మీ. గోడలకు గుడ్ల అట్టలు, తలుపుకు సిరిసిల్ల నుంచి తెచ్చిన మందపాటి దుప్పటి, పెళ్లిళ్లలో వాయించి కొనుక్కున్న కీబోర్డు, ఒక పాత కంప్యూటర్. అంతే సరంజామా. అయినా సకల జనుల సమ్మె రోజుల్లో నన్ను మించిన మొనగాడు లేడనుకునేవాణ్ని. ఎక్కడ నలుగురు కూడినా పాటే కావాలి మరి!

ఒక పొద్దున రాయికల్ నుంచి ఆటోలో ఒక అక్క వచ్చింది. బీడీలు చుడుతూ సొంతంగా పాట కట్టింది. మర్నాడు జగిత్యాలలో రోడ్డు మీద వంటావార్పులో, రికార్డు చేసి తెస్తే ఆ పాటను మైకులో వేస్తామని అక్కడివాళ్లు ఒప్పుకున్నారు. భర్త దుబాయిలో ఉంటాడు, ఇంట్లో అత్త మాటే చట్టం. ఆ అత్త కూడా బీడీల చేట చంకన పెట్టుకుని వెంట వచ్చింది. కూర్చోకముందే తేల్చి చెప్పింది.

"ఇయ్యాల ఒక్క దినమే కొడుకా. అయితె అయింది, లేకుంటె లేదు. పాటలు గీటలని మల్ల మల్ల ఇల్లిడిసి తిరుగుడు నాతోని గాదు."

అక్క కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ నా వైపు చూసింది. ఎలాగైనా ఇవాళే ముగించాలి. పైగా సమ్మెతో బొగ్గు ఆగి కరెంటు కోతలు. మధ్యాహ్నం పోయిందంటే పొద్దుగూకేదాకా రాదు. తిట్టుకుందామంటే సమ్మె మనదేనాయె!

డప్పు శబ్దం ఎంచుకుని కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కాను. ఒక్క దెబ్బ పలకాల్సింది, దడదడదడమని ఆగకుండా మోగింది. చెయ్యి తీసినా ఆగదే! కాసేపటికి కంప్యూటర్ కూడా బిగుసుకుపోయింది.

"ఇండ్ల దయ్యం గిట్ల సొచ్చిందా ఏంది?" అంది అత్త, బీడీ చుడుతూనే.

"దయ్యం గాదవ్వా, వైరు" అన్నాను గొప్పగా. వైరు మార్చాను. మళ్లీ అదే మోత. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. అదే మోత. మెట్ల సందుల్లో దుమ్ము కూడా ఊదాను, అది ఎందుకో ఆ దేవుడికే తెలియాలి.

ఇక లాభం లేదని అన్ని వైర్లూ పీకేసి, ఒక్కొక్కటే పెడుతూ వచ్చాను. ఈ మిడి వైర్లలో పారేది శబ్దం కాదు, ఏ మెట్టు ఎంత గట్టిగా నొక్కామన్న కబురు. కీబోర్డు నుంచి కంప్యూటర్‌కు ఒక వైరు, కంప్యూటర్ నుంచి కీబోర్డుకు ఇంకొకటి. మొదటిది పెట్టాను, బాగానే ఉంది. రెండోది పెట్టానో లేదో, దడదడదడ! నాకు ఒళ్లు పులకరించింది. దొంగ దొరికాడు! నేను పంపిన కబురును కంప్యూటర్ తిరిగి కీబోర్డుకే పంపుతోంది. కీబోర్డు దాన్ని కొత్త కబురనుకుని మళ్లీ కంప్యూటర్‌కు తోస్తోంది. గానుగెద్దులా ఒకటే తిరుగుడు. కిందటి వారం ఒక సభలో ఇంకో కీబోర్డును దీనితో కలిపినప్పుడు, వచ్చిన కబురల్లా బయటికి పంపమని దీంట్లో పెట్టిన సెట్టింగ్ అలాగే ఉండిపోయింది.

అది తీసేసి మెట్టు నొక్కాను. ధన్! ఒకే ఒక్క దెబ్బ. నేను పెట్టిన కేకకు అత్త చేటలో పొగాకు చిందింది.

"నీ అరుపు పాడుగాను! పానం పోయిందిరా!"

"జల్ది పాడక్కా, కరెంటు పోతది!"

"ఆకులు సుట్టిన సేతులే అక్కా, జెండలు పట్టినయే" అని అక్క ఎత్తుకుంది. ఆ గొంతు విని నా వేళ్లు వాటంతటవే పరుగెత్తాయి. ఎంత సంతోషం! పాట ఒక్క ఊపులో అయిపోయింది. సీడీ చేతిలో పెట్టేసరికి ఫ్యాను ఆగింది. అత్త మాత్రం "అయ్యిందా? ఇగ పోదాం" అని లేచింది.

మర్నాడు జగిత్యాలలో నడిరోడ్డు మీద పొయ్యిలు వెలిగించారు. మైకులో పాట మొదలవగానే అన్నం కలిపే ఆడవాళ్లు గరిటెలు పట్టుకునే అందుకున్నారు. అక్క వాళ్ల వెనక నక్కి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది. పాట అయిపోయింది. మైకు దగ్గరి మనిషి ఇంకో సీడీ వెతుకుతుంటే గుంపులోంచి ఒక గొంతు లేచింది.

"ఆగు కొడుకా! గది మా కోడలు పాట. ఇంకోపారి కావాలె."

"గా సీడీనే మల్ల ఏస్త అవ్వా."

"సీడీ ఎందుకురా? మనిషి ఈడనే ఉన్నది!"

అత్త కోడలి చెయ్యి పట్టుకుని లేపింది. అందరూ చూస్తుండగా, మైకు దాకా తనే తోలుకొచ్చింది.