టేకు గరాండ్

నరసింహ ఆకురాయితో తుపాకీ మడమ మూల అరగదీస్తూ, మధ్యమధ్య ఆగి బొటనవేలితో తడిమి చూసుకుంటున్నాడు. టేకు పొడి మోచేతుల దాకా అంటుకుంది. ఎదురుగా గోడకు అసలు కొలతల బొమ్మ అతికించి ఉంది. బొమ్మలోది ఒకప్పుడు అమెరికా సైన్యం వాడిన గరాండ్ రైఫిల్. అతని చేతిలోది మొత్తం చెక్కే. ఇనుము ఉండాల్సిన చోటల్లా నల్లరంగు పడుతుంది.

పెనుకొండలో వాకిలి తలుపులు, దేవుడి గూళ్ళు చేసే నరసింహకు ఈ పని ఇచ్చింది హిందూపురం గుడ్డల వ్యాపారి చంద్రశేఖర్. ఆయన బెంగుళూరు క్లబ్బులో ఎయిర్ రైఫిల్ కాలుస్తాడు. తొలినాళ్ళ సెమీ ఆటోమేటిక్ తుపాకులంటే పిచ్చి. తూటా తూటాకూ బోల్టు లాగే పని లేకుండా ట్రిగ్గర్ నొక్కితే చాలన్నట్టు సైన్యాలకు మొదట్లో వచ్చిన రకాలవి. నిజమైనవి ఇంట్లో ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని చెక్కతో చేయించి అద్దాల బీరువాలో పెట్టుకోవాలనీ, అప్పుడప్పుడు భుజానికెత్తి ఒకదానితో ఒకటి పోల్చి చూసుకోవాలనీ ఆయన ముచ్చట. ముందు రెండు నమూనాలు అడిగాడు. గరాండ్ నరసింహకు, రష్యావాళ్ళ ఎస్వీటీ ధర్మవరం యశోదకు. ఎవరి పని నచ్చితే మిగతావన్నీ వాళ్ళకే.

ఆ రెండో పేరు విన్నప్పటి నుంచి నరసింహకు అన్నం సహించడం లేదు.

"మగ్గాలకు నూలు మోసే నాడెలు చేసుకునే ఆయమ్మకు తుపాకీ ఏమిటికి?" అన్నాడు భార్య దాసమ్మతో.

"నువ్వు వాకిళ్ళు చేసేటోడివి. నీకేమిటికో ఆయమ్మకూ అందుకే," అందామె.

ఉండబట్టలేక, ఉలి కొనాలన్న సాకుతో ధర్మవరం రైలెక్కాడు. యశోద దాపరికమేమీ లేకుండా తుపాకీని అతని చేతుల్లో పెట్టింది. "చూడన్నా, యాడన్నా తప్పుంటే చెప్పు."

తప్పు కోసమే వచ్చిన మనిషి ఊరికే భుజానికెత్తాడు. గొట్టం గాలిలో అట్లాగే నిలబడిపోయింది. అటు వాలలేదు, ఇటు లేవలేదు. ఇంట్లో ఉన్న తన గరాండ్ గుర్తొచ్చింది. అది ఎత్తితే చీపురు కట్టలా తేలిపోతుంది.

"నాడె వేలి మీద నిలబడకపోతే మగ్గంలో వంకర పోతాది. ఇదీ అంతే గదాని లోపల తొలిచి సీసం పోసినా," అంది యశోద. "బరువెంతో, వేలి మీద యాడ నిలవల్లనో ఆయప్ప బొమ్మలోనే రాసినాడు గదన్నా."

తన బొమ్మలోనూ రాసే ఉంది. నరసింహ పొడుగూ మందమూ చూసుకుని ఆ అంకెలు వదిలేశాడు. వాకిలిని ఎవరూ భుజానికెత్తరు కదా.

ఆమె కాఫీ తేవడానికి లోపలికి పోగానే, తుపాకీని వేలి మీద ఆనించి, మడమ నుంచి అక్కడికి ఎన్ని జానలో కొలుచుకున్నాడు. అప్పుడే కంటబడింది తప్పు. గరాండ్‌కు ఎనిమిది తూటాల క్లిప్పు పైనుంచి లోపలికి పోతుంది, కింద ఊడేదేమీ ఉండదు. ఎస్వీటీకి అట్లా కాదు, కిందున్న పది తూటాల పెట్టె ఊడి రావాలని ఆమె బొమ్మలోనే గీసి ఉంది. యశోద దాన్ని బంకతో అతికించేసింది. నరసింహకు ప్రాణం లేచొచ్చింది. కాఫీ తాగి, నోరు మెదపకుండా వచ్చేశాడు.

ఇంటికొచ్చి తన గరాండ్‌ను తొలిచి, కొలిచి తెచ్చుకున్న జానల దగ్గరే వేలి మీద నిలిచేలా సీసం పోశాడు. భుజానికెత్తితే మూతి నేల చూసింది. గరాండ్ పొట్టిది, బరువు ఎక్కువ. పొడుగాటి రష్యా తుపాకీ కొలత దీనికి కుదరలేదు.

"తుపాకీని చూసొచ్చినావా, ఆయమ్మ పనిని చూసొచ్చినావా?" అంది దాసమ్మ.

నరసింహ సీసమంతా తొలిచి తీశాడు. ఈసారి బొమ్మలోని అంకెల ముందు కూర్చుని కొంచెం కొంచెంగా పోస్తూ, ఎత్తి చూస్తూ, మళ్ళీ తీస్తూ పోయాడు. చివరికి గొట్టం నిలబడింది. ఆ పని విలువ ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. తెలిసిన మనిషి ఒక్కతే, యశోద. అప్పుడు ఇంకో సంగతి తట్టింది. పెట్టె తప్పును చంద్రశేఖరే పట్టుకుంటే, దాన్ని ముందు చూసింది తానని ఆమెకు ఎప్పటికీ తెలియదు. అది ఓర్చుకోలేకపోయాడు. ఫోన్ చేశాడు.

"యశోదమ్మా, నీ తుపాకీకి కింద పెట్టె ఊడి రావల్ల. నేను ఆ పొద్దే చూసినా."

"అయ్యో, ఆ పొద్దే చెప్పకూడదా! పోనీలే, కోసి తీస్తా. మేలు చేసినావన్నా."

మేలు అన్న మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది.

హిందూపురం దుకాణం మీది గదిలో చంద్రశేఖర్ వాళ్ళిద్దరి ఎదుటా రెండింటినీ మార్చి మార్చి ఎత్తాడు. "ఏమప్పా, రెండూ భుజంలో బాగా కూర్చుంటాండాయి! గరాండ్ నునుపు చూడు, ఎంత బాగుండాదో." అంతలో ఆయన ఎస్వీటీ పెట్టెను లాగాడు. ఊడొచ్చింది. తోశాడు. టక్కుమని కూర్చుంది. మళ్ళీ లాగాడు, మళ్ళీ తోశాడు, చిన్నపిల్లాడిలా నవ్వాడు. "నరసింహన్నా, ఏమనుకోవద్దు. మిగతావి ఈయమ్మకే ఇస్తాండా."

"ఆ పెట్టె మాట నాకు చెప్పింది ఈయన్నే," అంది యశోద.

ఆ మాట అనగలగడం కూడా ఆమె వంతే అయిందని నరసింహకు ఒళ్ళు మండింది. ఆమె గరాండ్‌ను అందుకుని చూపుడు వేలి మీద ఆనించింది. కదలకుండా నిలిచింది.

"సీసం బాగా పోసినావన్నా," అంది, అతని వైపు చూడకుండా.

నరసింహ తుపాకీని వెనక్కి తీసుకున్నాడు. భుజం మీది తువ్వాలుతో ఆమె వేలిముద్ర, ఆయన వేలిముద్రలు, చివరికి తనవీ తుడిచి, రెండు చేతులా చంద్రశేఖర్‌కు అందించాడు.