అత్తాకోడళ్ల చిట్టిపాట

తెలంగాణ వచ్చిన కొత్తలో టచ్ ఫోన్ ఉన్నవాళ్లు దాన్ని వేలితో గీకుతూ, లేనివాళ్లు ఆ వేలిని చూస్తూ బతికేవారు. నాది రెండో జాతి. అప్పుడప్పుడే శేరిగూడలో ఓ ఇంజినీరింగ్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే ఉద్యోగంలో చేరాను. (ఇంజినీరింగ్‌లో ఎకనామిక్స్ ఎందుకని అడక్కండి, పిల్లలూ అదే అడిగేవారు.) రాబడి, ఖర్చు, పొదుపు అని నేను బోర్డు మీద రాస్తుంటే వెనక బెంచీలు కిస్తుల మీద కొన్న ఫోన్లలో మునిగి ఉండేవి. ఒకరోజు నా నోరు ఊరుకోలేదు. "కిస్తు కట్టనీకి నెలనెలా బాపు ముందు చెయ్యి చాపేటోళ్లకు గంత ఫోనెందుకు?" అన్నాను. వెనక నుంచి ఒకడు, "మేడం, మీ ఫోన్‌తోని గోడకు మొల కొట్టచ్చు. మాకు గా సౌలత్ లేదు" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నాకు రోషం వచ్చింది. కిస్తూ, అప్పూ లేకుండా వచ్చే నెలకల్లా టచ్ ఫోన్ కొని ఇదే బల్ల మీద పెడతానని, బడ్జెట్ అంటే ఏమిటో అప్పుడు చూడమని అందరి ముందూ శపథం చేసేశాను.

నా ధైర్యమంతా చిట్టి. ఇబ్రహీంపట్నంలో మా గల్లీ ఆడవాళ్లం ఇరవై మందిమి చిట్టీలక్క దగ్గర నెలకు వెయ్యి చొప్పున వేసేవాళ్లం. పోగైన ఇరవై వేలకు పాట. అందులోంచి ఎవరు ఎక్కువ వదులుకుంటామంటే చిట్టి వాళ్లదే. వదులుకున్న సొమ్మును మిగతావాళ్లు పంచుకుంటారు. నాలుగు వేల దాకా వదులుకున్నా ఫోన్ వస్తుంది, అది దాటితే నోరు మూసుకోవాలని లెక్క వేసుకునే వెళ్లాను. అదే చిట్టిలో మా అత్తమ్మ కూడా పాలమ్మిన పైసలతో తన వాటా కట్టేది. ఆమెకూ ఆ నెలే అవసరం పడుతుందని నాకేం తెలుసు?

"వెయ్యి" అన్నాను. "రెండు" అంది వెనకనుంచి తెలిసిన గొంతు.

"నీకెందుకు అత్తమ్మా?"

"బట్టలుతికే మిషిన్‌కు. నడుము పోతున్నది. నీకెందుకే?"

"ఫోన్‌కు."

"ఉన్న ఫోన్ల మాట్లాడుతలేవా? పొద్దుందాక మాట్లాడుతనే ఉంటివి గద!"

అందరూ పడీపడీ నవ్వారు. పొద్దున పప్పులో ఉప్పు దగ్గర ఆగిన గొడవ సరిగ్గా అక్కడ మళ్లీ అందుకుంది. మూడన్నాను, నాలుగంది. నోరు మూసుకోవాల్సిన చోటు అదే. ఐదన్నాను. పక్కింటామె జాలిపడి "ఇంటి లొల్లి ఇంట్ల పెట్టుకోరాదుండ్రి" అనబోతే, ఇంకొకామె ఆమెను గిల్లి "నువ్వూకో వదినె, పాడనియ్యి. మన పైసలు పెరుగుతున్నయ్" అంది. నేను "తొమ్మిది!" అని అరిచాక అత్తమ్మ కొంగు దులుపుకొని లేచింది. "తీస్కో, గెలిచినవ్."

ఇద్దరం ఇంటికొచ్చాం. మా ఆయన గుమ్మంలోనే "చిట్టి ఎవరికొచ్చింది?" అన్నాడు. "గల్లీకి" అన్నాం ఇద్దరం ఒకేసారి.

మర్నాడు బల్ల మీద నా పాత ఫోన్‌నే పెట్టాను. "పాట పోయిందా మేడం?" అన్నాడు మొల కొట్టచ్చన్న పిల్లాడు. "లేదు, గెలిచిన. అందుకే కొనలేకపోయిన" అని జరిగిందంతా చెప్పాను. ఆ ఏడాది క్లాసు మొత్తం చెవులప్పగించిన పాఠం అదొక్కటే. అందరూ వెళ్లాక వాడు నా దగ్గరికి వచ్చి, "మా దోస్తు కొన్నడని నేను గూడ గట్లనే కొన్న మేడం" అన్నాడు నెమ్మదిగా. మిగిలిన పదకొండు వేలలో కొంత పెట్టి బడంగ్‌పేట్‌లో ఎవరో వాడి వదిలేసిన బట్టల మిషిన్ తెచ్చాం. తిరిగేటప్పుడు అది బాత్‌రూమ్‌లోంచి నడుచుకుంటూ బయటికి వచ్చేది. అత్తమ్మ దాన్ని అదిలిస్తూ వెనక్కి తోసేది.

మొన్న మా అమ్మాయి లక్ష రూపాయల ఫోన్ కావాలంది. నేను రాబడి, ఖర్చు అని మొదలుపెట్టగానే మంచం మీద నుంచి అత్తమ్మ, "చిట్టి ఎయ్యిరాదు" అంది.

"మళ్ల నువ్వు ఎదురు పాడుతవ్ గద!"

"నాతోని ఇంకేడైతది బిడ్డా. నువ్వే తీస్కో."

ఇన్నేళ్లకు ఎదురు లేకుండా గెలిచాను. ఎందుకో సంతోషం కలగలేదు. ఎప్పటిలాగే నోరు ఊరుకోక, "వెయ్యి" అన్నాను.

అత్తమ్మ బోసినోటితో నవ్వి, "రెండు" అంది.