రెండో భాగంలో ఉన్న పాప

ఇది లోకాన్నే వణికించే మహాగాథ. కాదులెండి, ఒక పాత కంప్యూటరు ఆట సంగతి. దానికి ఇన్నేళ్లకు రెండో భాగం వచ్చిందని నిన్న ఫోనులో చూశాను.

చిన్నప్పుడు ఆదోనిలో నేనూ అక్కా ఆ ఆట గెలిచిన మధ్యాహ్నం, చివర్లో ఒక పాప చీకటిగదిలోకి పోగానే తలుపు మూసుకుంది. మిగతాది రెండో భాగంలోనట. కంప్యూటరు ఆపేశాక కూడా దాని లోపలి నుంచి టక్కు టక్కుమని వినిపించింది.

"పాప ఇంగా లోపలే ఉండాది రా," అంది అక్క.

"రెండోది రాకపోతే?"

"ఆడనే ఉంటాది."

శ్రావణంలో ఉరుకుంద గుడికి పోయినప్పుడు జనం వానలకు, పెళ్లిళ్లకు మొక్కుకుంటుంటే, మేము రెండో భాగం రావాలని ఈరన్నస్వామికి టెంకాయ మొక్కుకున్నాము. ఆ ఆట ఆడిన మిగతావాళ్లకు కొత్త ఆట కావాలేమో. మాకు పాప బయటికి రావాలి.

నిన్న ఫోను చేస్తే అక్క నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"తొందరగా తలుపు తియ్యప్పా," అంది.

ఆ రెండో భాగం నడవడానికి నా ల్యాప్‌టాప్‌లో ర్యామ్ చాలదు.