మిర్యాలగూడలో పుట్టిన చెల్లెలు

సూర్యాపేటకు కోడలిగా వచ్చిన కొత్తలో నేను కుళ్లుకున్నది ఎవరి నగలు చూసీ కాదు, మా యారాలి నోరు చూసి. యారాలంటే మా బావగారి భార్య. ఆమె పుట్టిల్లు కోదాడ. అరవైల మొదట్లో కొత్త సినిమా బొమ్మ ఏదైనా అక్కడ ఆడాకే మా ఊరికి వచ్చేది. ఆమె పుట్టింట్లో చూసొచ్చి, మధ్యాహ్నం మేమంతా బియ్యం ఏరుతూ కూర్చున్నప్పుడు కథ చెప్పేది. ఆమె మొదలుపెడితే చాటలు ఆగిపోయేవి. అదే నేను ఏదైనా చెప్పబోతే, అత్తగారికి పొయ్యి మీది పప్పు గుర్తొచ్చేది.

నాకు ఒళ్లు మండేది. ఆమెకంటే నేను రెండు తరగతులు ఎక్కువే చదివాను. ఒక్క సినిమా కథ నేను ముందు చెప్పాలి, ఆమె చాట పక్కన పెట్టి వినాలి. దేవుణ్ణి అంతకు మించి ఏమీ అడగలేదు.

ఒకసారి ఎందుకో ఒక బొమ్మ ముందుగా మా పుట్టిల్లు మిర్యాలగూడకు వచ్చింది. అమ్మకు బాగాలేదని చెప్పి బస్సెక్కాను. అమ్మ నిక్షేపంగా ఉంది. అక్కడిది డేరా టాకీసు. బొమ్మ వేసే మిషను ఒకటే కాబట్టి రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి. ఇసుకలో కూర్చుని కళ్లార్పకుండా చూశాను. సగంలో హీరోయిన్ చచ్చిపోయింది. దీపాలు వెలిగి ఆరేసరికి ఆమే పట్టుచీరలో నవ్వుతూ పాట పాడుతోంది. మగవాళ్ల వైపు నుంచి ఈలలు వినిపించాయి, అంతే. ఆపరేటర్ రీళ్లు తారుమారు చేశాడని నాకేం తెలుసు? కవలల కథలు జోరుగా ఆడుతున్న రోజులు. ఈమె చెల్లెలై ఉంటుందని ఖాయం చేసుకున్నాను.

తిరిగొచ్చి అలాగే చెప్పాను. అక్క పోయింది, చెల్లెలొచ్చింది, అచ్చం అదే ముఖం. అత్తగారు కొంగుతో కళ్లొత్తుకున్నారు. మా యారాలు చాట పక్కన పెట్టింది. "అబ్బ, భలే చెప్పావే!" అంది. ఆ వారమంతా నా కాళ్లు నేల మీద లేవు.

తర్వాత ఆ బొమ్మ సూర్యాపేటకు వచ్చింది. ఇంట్లో ఆడవాళ్లమంతా మ్యాట్నీకి వెళ్లాం. ఇంటర్వెల్ దాటినా హీరోయిన్ బతికే ఉంది.

"చెల్లె ఏదే? ఇంకెప్పుడొస్తది?" అని అత్తగారు నా తొడ గిల్లారు.

"వస్తదత్తమ్మా, జర ఆగుండ్రి" అన్నాను.

హీరోయిన్ చివర్లో పోయింది. చెల్లెలు రాకుండానే లైట్లు వెలిగాయి. మిర్యాలగూడలో ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది నాకు. ఇల్లు చేరేదాకా ఆడబిడ్డలు కిసకిసలాడుతూనే ఉన్నారు.

వాకిట్లో కాళ్లు కడుక్కుంటూ మా యారాలు అంది: "ఎందుకే ఆ నవ్వులు? బొమ్మ పొడుగైందని ఇక్కడ చెల్లెలి ముక్క కోసేసి ఉంటారు. మా కోదాడలో ఎన్నిసార్లు కొయ్యలేదు!"

నవ్వులు ఆగిపోయాయి. "గట్లనా! మంచి ముక్కనే కోసిండ్రు, పాడుగాను" అని అత్తగారు ఆపరేటర్‌ను తిట్టారు.

నన్ను కాపాడింది, నిజమే. కానీ నాకు మునుపటికంటే ఎక్కువ మండింది. బస్సెక్కి పోయి కళ్లారా చూసొచ్చిన నన్ను చూసి నవ్వారు. కాళ్లు కడుక్కుంటూ ఆమె అన్న మాట మాత్రం నమ్మారు.

ఇప్పుడు ఆ టాకీసు లేదు, మా యారాలూ లేదు. మొన్న ఒక పెళ్లిలో మా ఆడబిడ్డ పిల్లలకు ఆ సినిమా కథ చెబుతోంది. "అండ్ల ఒక చెల్లె గూడ ఉంటది. ఈడ కోసేసిండ్రు. మా పెద్దొదినె చెప్పింది" అంది.

ఆ చెల్లెలిని పుట్టించిన చిన్నవదినను నేను. ఆడబిడ్డ పక్కనే కూర్చుని ఉన్నాను.