సారుకు చెప్పుకోలేకపోయిన మాట

ఆళ్లగడ్డలో మా అబ్బాయికి సైన్సు చెప్పిన సారు మొన్న నంద్యాలలో చనిపోయారు. మావాడే ఫోన్ చేసి చెప్పాడు. "నువ్వు పోయి రామ్మా" అన్నాడు. ఎందుకు పొమ్మన్నాడో ఇద్దరికీ తెలుసు. ఆయన గురించి గొప్పగా రాసే అర్హత నాకు లేదు. జరిగింది మాత్రం రాస్తున్నాను.

సారు బడిలో ప్రకృతి క్లబ్బు పెట్టారు. ఊళ్లో అందరం పిట్టల క్లబ్బనేవాళ్లం. ఆదివారం పొద్దున్నే పిల్లలను కాలువ గట్టుకు తీసుకుపోయేవారు. చప్పుడు కాకుండా చెప్పులు చేతపట్టుకుని నడవమనేవారు. ఏదైనా పిట్ట పేరు తెలియకపోతే, "నాకూ తెలీదప్పా, కనుక్కొని చెప్తా" అనేవారు. సోమవారానికి కనుక్కుని వచ్చేవారు. "పిట్ట ఎగిరిపోయిందంటే మనమే ఎక్కువ దగ్గరికి పోయినాం" అనేది ఆయన మాట. మావాడు ఇంట్లో కోళ్ల దగ్గర కూడా అదే చెప్పేవాడు.

ఏడో తరగతిలో వాడు గట్టు మీది చింతచెట్టు నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. సారే ఎక్కమన్నారని ఏడుస్తూ చెప్పాడు. నేను మరో మాట అడగలేదు. మర్నాడు బడికి పోయి, ప్రార్థనలో నిలబడిన పిల్లలందరి ముందూ అరిచాను.

"పిల్లోళ్లను చంపేదానికా సారూ మీ క్లబ్బు?"

"నేను చూసుకోవాల్సిందమ్మా, తప్పు నాదే. చెయ్యి ఎట్లుంది?" అన్నారు. జవాబివ్వకుండా వచ్చేశాను. ఆ వారమే క్లబ్బు ఆగిపోయింది.

ఏడాది తర్వాత మావాడు నిజం చెప్పాడు. "సారు వద్దనే చెప్పినాడుమా. తొర్రలో చిలక పిల్లను తెచ్చుకుందామని నేనే ఎక్కినా." వాణ్ని కొట్టాను. సారు దగ్గరికి మాత్రం పోలేదు. అందరి ముందూ అరిచిన నోరు, ఒక్క మనిషి ముందు తప్పయిందని చెప్పడానికి రాలేదు. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటుండగానే ఆయన రిటైరై నంద్యాల వెళ్లిపోయారు. అదీ దూరమేం కాదు, బస్సెక్కితే గంట.

ఒకసారి మహానందిలో ఎదురుపడ్డారు. "పిల్లోని చెయ్యి బాగా వంగుతాందా తల్లీ?" అని అడిగారు.

"వంగుతాంది సారూ" అన్నాను. గబగబా గుడిలోకి నడిచాను.

నంద్యాలలో నేను పోయేసరికి అన్నీ అయిపోయాయి. ఆయన భార్య నన్నెప్పుడూ చూడలేదు. క్లబ్బులో ఉన్న పిల్లవాడి తల్లినని చెప్తే నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆ పిల్లోళ్లంటే పానం ఆయనకు. ఎందుకు ఆపినావని ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు."

"నా వల్లేనక్కా" అన్నాను. అంతా చెప్పాను.

ఆమె చెయ్యి వదిలేశారు. తర్వాత మనవరాలిని పిలిచి మేడ మీది ప్లాస్టిక్ కుర్చీ తెప్పించారు.

"పొద్దున లేస్తానే ఇందులోనే కూర్చొని పిట్టలను చూసేటోడు. కూర్చోమ్మా, ఎంతసేపు నిలబడతావ్."

కుర్చీ చేతుల మీద పిట్టల రెట్టలు తెల్లగా ఎండి ఉన్నాయి. నేను దాని వీపు పట్టుకుని నిలబడే ఉన్నాను.