కోదాడ నుంచి వచ్చిన రింగు

నేను రాసే సైన్స్ కథల్లో మనుషుల్లేని అంతరిక్ష నౌకలే ఎక్కువ. అవి తిండి అడగవు, అలగవు, ఎంత దూరం పొమ్మంటే అంత దూరం పోతాయి. మా ఆయన లారీ డ్రైవరు. మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం లోడు ఎత్తుకుని కాకినాడ పోతాడు. ఇంట్లో ఉన్నప్పుడల్లా "నీ బండి ఎందాక పోయింది?" అని నా కథలోని నౌక సంగతి అడుగుతాడు.

ఆ నౌక ప్రతి గ్రహం దగ్గరా భూమికి ఒక సంకేతం పంపాలి, భూమి తిరిగి ఒకటి పంపాలి. నిజానికి అది మా ఇంటి పద్ధతే. బండి ఆగిన చోటల్లా ఆయన మిస్డ్ కాల్ ఇస్తాడు, బాగానే ఉన్నానని నేనూ ఒకటి ఇస్తాను. పోయిన నెల బీపీ పెరిగి నేను బాత్రూంలో పడిపోయినప్పటి నుంచి, నా రింగు వస్తే గానీ ఆయన బండి కదలదు.

ఆ రోజు పొద్దున కథ ఒకచోట ఆగిపోయింది. భూమి జవాబివ్వకపోతే నౌక ఏం చేస్తుంది? ఆయన బయల్దేరేటప్పుడు ఆ మాటే చెప్పాను. ఆయన పోయాక కూడా ఎంతకీ తట్టలేదు. అంతలో కోదాడ నుంచి ఆయన రింగు వచ్చింది. చూద్దాం ఏం చేస్తాడో అనుకుని తిరిగి ఇవ్వలేదు. అంత నీచంగా ఆలోచించాను. ఫోను మళ్లీ మోగింది, తర్వాత ఆగకుండా మోగింది. నేను అదంతా కథలో పెట్టుకుంటూ పోయాను. చివరికి మోగడం మానేసింది, అదీ రాసుకున్నాను.

మధ్యాహ్నానికి మా ఆయన గుమ్మంలో ఉన్నాడు. లోడు బండిని కోదాడలో క్లీనర్‌కు అప్పజెప్పి బస్సెక్కి వచ్చాడు. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది.

"పానం మంచిగున్నదా? నీకేమన్న అయిందనుకున్న," అని గోడకు ఆనుకున్నాడు.

బాగానే ఉన్నానని తలూపాను. ఫోను పాడైందేమోనని తన ఫోనుతో చేసి చూశాడు. నాది ఇల్లంతా వినబడేలా మోగింది. కాసేపు దాని వంకే చూశాడు.

"మంచిగనే మోగుతున్నది గదా. కోదాడల సిగ్నల్ లేదేమో తీయ్."

నిజంగానే నమ్మాడో, నన్ను కాపాడాడో తెలియదు. అవునేమో అన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

లోడు ఆలస్యమైతదని అన్నం కూడా తినలేదు. గడప దాటుతూ అలవాటుగా అడిగాడు.

"నీ బండికి జవాబిచ్చిన్రా మరి?"

"ఇంకా లేదు."

"ఇయ్యమను. గాడ ఒక్కటే ఉన్నది, పరేషాన్ అయితది."

దాంట్లో మనిషి లేడని ఆయనకు ఎప్పుడో చెప్పాను.